కరకర వెనుక పనితనం

విశాఖపట్నంలో ఫోన్ తీసి ఏ కిరాణా యాప్‌లోనైనా 'యాపిల్' అని వెతికితే బొమ్మలు వరసకడతాయి. రాయల్ గాలా నాలుగు కాయలు, ఫ్యూజీ నాలుగు కాయలు, పచ్చ యాపిల్ రెండు కాయలు, సీజన్‌ను బట్టి సిమ్లా, కిన్నౌర్, కాశ్మీర్. అన్నిటి కిందా దాదాపు ఒకే మాట రాసి ఉంటుంది: తియ్యగా, కరకరలాడుతూ, రసంతో ఉంటుందని. పూర్ణామార్కెట్‌కు వెళ్లి కొంటే ఆ మాట ఎంతవరకు నిజమో మనమే తేల్చుకుంటాం. కాయను అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తాం, వేలితో మీటి చప్పుడు వింటాం, తొడిమ దగ్గర ముక్కు పెడతాం. అంగడివాడు అటు తిరిగితే గోరు కూడా గుచ్చి చూస్తాం. ఫోన్‌లో ఇవేవీ సాగవు. అక్కడ పేరును నమ్మి డబ్బు కట్టాలి. కాయ ఎలా ఉందో అరగంటలో సంచి ఇంటికొచ్చాకే తెలుస్తుంది.

ఆశ్చర్యమేమిటంటే రాయల్ గాలా విషయంలో ఆ నమ్మకం చాలాసార్లు చెల్లుతుంది. మొన్న వచ్చిన నాలుగు కాయలూ, వచ్చే నెల రాబోయే నాలుగు కాయలూ రుచిలో, రంగులో, కొరికినప్పటి చప్పుడులో ఇంచుమించు ఒకటే. చెట్టున కాసేదానికి ఇంత ఖచ్చితత్వం ఎలా వస్తుంది? ఒకే చెట్టు జామకాయలు కూడా ఒకదానిలా ఇంకొకటి ఉండవు కదా. ఈ ఒకే తీరు దానంతట అది రాదు. దాని వెనుక తరాల చేతిపని ఉంది. మన అరకు, చింతపల్లి కొండల మీద యాపిల్ కాయించడానికి సాగుతున్న ప్రయత్నాన్ని సరిగ్గా అంచనా కట్టాలంటే ముందు ఆ చేతిపనిని దగ్గరగా చూడాలి.

మొదటి సంగతి, యాపిల్ గింజ మాట నిలబెట్టుకోదు. తియ్యని కాయలోని అయిదు గింజలు నాటితే అయిదు రకాల చెట్లు మొలుస్తాయి. వాటిలో ఎక్కువ భాగం పుల్లగానో, వగరుగానో, గోలీకాయంతగానో కాస్తాయి. బంగినపల్లి మామిడి టెంక నాటినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. అందుకే నచ్చిన రకాన్ని నిలుపుకోవాలంటే అంటు కట్టడం ఒక్కటే దారి. తూర్పుగోదావరి కడియం నర్సరీల్లో మామిడికీ సపోటాకూ ఈ పని చేసే చేతులను చూస్తే ఇందులోని నేర్పు అర్థమవుతుంది. యాపిల్‌కు చేసేది దానికి దగ్గరి చుట్టమే అయినా, పద్ధతి కాస్త వేరు.

చలికాలంలో చెట్టు ఆకు రాల్చి నిద్రలో ఉన్నప్పుడు, కిందటి ఏడాది పెరిగిన పెన్సిల్ లావు కొమ్మను కోస్తారు. వేరునిచ్చే మొక్క కాండం కూడా సరిగ్గా అంతే లావుగా ఉండాలి. రెంటినీ ఏటవాలుగా, ఒకే ఊపులో, గీత వంకర పోకుండా చెక్కుతారు. చాకు రెండోసారి ఆడిస్తే కోత మీద ఎగుడుదిగుడులు పడతాయి, ఆ సందుల్లో గాలి చేరి అంటు చచ్చిపోతుంది. తరవాత రెండు కోతల మీదా నిలువునా చిన్న నాలుక లాంటి చీలిక పెట్టి ఒకదాన్ని ఒకదానిలోకి దూరుస్తారు. ఇప్పుడు చెయ్యి వదిలేసినా అంటు విడిపోదు. బెరడు కింద పచ్చగా, కాగితమంత పలచగా ఒక పొర ఉంటుంది. చెట్టు లావెక్కేది ఆ పొర వల్లే. రెండు ముక్కల పచ్చపొరలూ కనీసం ఒక పక్కనైనా కలిసి తీరాలి. ఆ పైన పాలిథీన్ పట్టీ బిగించి, కొమ్మ కొసకు మైనం పూస్తారు. బయటినుంచి చూసేవాడికి రెండు నిమిషాల పని. ఆ పచ్చపొరలు కలిశాయో లేదో మొగ్గ విప్పేదాకా ఎవరికీ తెలియదు. అయినా కోత పెట్టేటప్పుడే ఇది పడుతుంది, ఇది పడదు అని చెప్పగల చేతులున్నాయి. నేను గొప్ప పనితనం అనేది దాన్నే.

కింద ఉండే వేరుమొక్క కూడా సామాన్యమైనది కాదు. ఇంగ్లండ్‌లోని కెంట్ జిల్లా ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం 20వ శతాబ్దం మొదట్లో వేరుమొక్కలను ఏరి, వర్గీకరించి, అంకెలు పెట్టింది. ఎం 9, ఎంఎం 106, ఎంఎం 111 అనే పేర్లు కాశ్మీర్‌లోనూ హిమాచల్‌లోనూ ఇవాళ రైతుల నోట వినపడుతున్నాయి. పైకొమ్మ కాయ రుచిని తెస్తే, కింది వేరు చెట్టు ఎత్తునూ, ఎన్నేళ్లకు కాపు పట్టాలన్నదాన్నీ, ఎలాంటి నేలను ఓర్చుకుంటుందన్నదాన్నీ నిర్ణయిస్తుంది. ఒక్క చెట్టులో ఇద్దరు పనివాళ్లు కాపురముంటారన్నమాట.

ఈ లెక్కన ప్రపంచంలోని రాయల్ గాలా చెట్లన్నీ ఒకే చెట్టు కొమ్మలు. ఆ చెట్టుకు ముందు తరం కథ న్యూజిలాండ్‌లో జరిగింది. జె. హెచ్. కిడ్ అనే రైతు 1930లలో తన పేరుతోనే ఉన్న కిడ్స్ ఆరెంజ్ రెడ్ రకాన్ని గోల్డెన్ డెలీషియస్‌తో కలిపాడు. ఆ సంకరంలో పుట్టిన మొక్కల్లో ఒకదానికి 1960లలో గాలా అని పేరు పెట్టారు. ఆ గాలా చెట్టు మీదే తరవాత ఒక కొమ్మ మిగతా కొమ్మలకంటే ఎర్రగా కాసింది. చెట్లలో అప్పుడప్పుడు ఇలాంటి మార్పు దానంతటదే వస్తుంది. కంటబడ్డవాడు ఊరుకోకుండా ఆ కొమ్మనే అంటు కట్టి పెంచాడు. అదే రాయల్ గాలా. చూసే కన్ను కూడా పనితనంలో భాగమే.

సంకరం అని ఒక్క మాటలో అనేశాను గాని, అందులోని ఓపిక చెప్పకుండా దాటలేను. పువ్వు విచ్చుకోకముందే, మొగ్గ గులాబీ రంగు బుడిపెలా ఉన్నప్పుడే, సన్నని పట్టకారుతో రేకులనూ కేసరాలనూ గిల్లి తీసేయాలి. లోపలి కీలాగ్రానికి గీత కూడా పడకూడదు. ఇంకో చెట్టు పుప్పొడిని ఎండబెట్టి, సన్నని కుంచెతోనో వేలికొసతోనో అద్దాలి. కాయ పండాక గింజలు తీసి కొన్ని వారాలు తడి ఇసుకలో చల్లగా ఉంచితేగాని మొలవవు. మొలిచిన చెట్టు కాపుకు వచ్చేసరికి అయిదారేళ్లు పడుతుంది. అప్పుడు వేల చెట్ల మధ్య నడుస్తూ ఒక్కో కాయ కొరికి, నమిలి, ఉమ్మేసి, నచ్చని చెట్టును కొట్టేయమని గుర్తు పెడతారు. రోజుకు వందల కాయలు కొరికే ఆ పనిలో నాలుక మొద్దుబారకుండా ఉంచుకోవడమే ఒక విద్య.

అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలు హనీక్రిస్ప్ తప్ప ఇంకో యాపిల్ ముట్టరని తల్లులు ఫోన్లలో చెబుతుంటారు. వాళ్లు అక్కడి యాప్‌లో తెప్పించుకునే ఆ కాయ దాదాపు పుట్టకుండా పోయేది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1960లో చేసిన సంకరం అది. 1977 నాటికి ఆ చెట్టును పనికిరానిదని రాసి కొట్టేయడానికి పెట్టారు. చలికి దెబ్బతిందని వాళ్ల అనుమానం. ఆ తరవాత అక్కడ చేరిన డేవిడ్ బెడ్‌ఫోర్డ్ ఆ నిర్ణయాన్ని నమ్మక, మిగిలిన పిల్లచెట్లను కాపాడి, కాసేదాకా ఆగి కొరికి చూశాడు. 1991లో దాన్ని విడుదల చేశారు. కొట్టేయమని రాసిన కాగితాన్ని ఒకసారి పక్కన పెట్టగలిగినవాడు ఉండబట్టే ఆ పిల్లలకు ఇవాళ ఆ కాయ దొరికింది.

ఇంతకీ ఈ కరకర అంటే ఏమిటి? యాపిల్ గుజ్జు లక్షల చిన్న గదుల కట్టడం. ఒక్కో గది నిండా తియ్యని నీళ్లు ఒత్తిడితో బిగిసి ఉంటాయి. గదుల మధ్య పెక్టిన్ అనే జిగురు ఉంటుంది, జామ్ గట్టిపడేది దానితోనే. గదుల మధ్య గాలి కూడా ఉంటుంది. కాయ మొత్తంలో దాదాపు నాలుగో వంతు గాలే కాబట్టి యాపిల్ నీళ్లలో తేలుతుంది. మంచి కాయను కొరికినప్పుడు జిగురు ఊడదు, గదులే పగులుతాయి. ఆ పగుళ్ల చప్పుడే మనకు వినపడే కరకర, ఆ గదుల్లోంచి చిమ్మినదే రసం. మాగి మెత్తబడిన కాయలో జరిగేది దీనికి తలకిందులు. జిగురు కరిగిపోయి, గదులు పగలకుండానే ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. రసం ఆ గదుల్లోనే బందీగా ఉండిపోయి, నోట్లో పిండి నమిలినట్టుంటుంది. తమాషా ఏమిటంటే పిండిబారిన యాపిల్‌లోనూ నీళ్లు తక్కువేమీ ఉండవు, మన నాలుకకు అందవంతే. హనీక్రిస్ప్‌లో ఈ గదులు మామూలు యాపిల్ కంటే పెద్దవి. అందుకే అది కొరికితే పెద్ద ముక్కగా ఊడి, ఒక్కసారిగా రసమవుతుంది.

జిగురును కరిగించే పనిని మొదలుపెట్టేది ఎథిలీన్ వాయువు. కాయే దాన్ని పుట్టిస్తుంది. మామిడికాయల మధ్య ఒక పండు పెట్టి వరిగడ్డి కప్పే మన పెద్దవాళ్లకు ఆ వాయువు పేరు తెలియకపోయినా దాని పని బాగా తెలుసు. యాపిల్ వ్యాపారమంతా దీనికి ఎదురుపని, అంటే మాగకుండా నిలబెట్టడం. అది తోటలోనే మొదలవుతుంది. కాయను అడ్డంగా కోసి అయోడిన్ ద్రావణం పూస్తారు. పిండిపదార్థం ఉన్నచోట నల్లబడుతుంది, చక్కెరగా మారినచోట తెల్లగా ఉంటుంది. నలుపు ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి కోతకు రోజు పెడతారు. దూరం వెళ్లాల్సిన కాయకు కొంత నలుపు ఉండగానే ముహూర్తం. కోసేవాడు కాయను అరచేతిలోకి తీసుకుని పైకెత్తి కొద్దిగా తిప్పుతాడు. కిందికి లాగితే తొడిమ ఊడుతుంది, దాని వెనకే వచ్చే ఏడాది పువ్వు పెట్టవలసిన పొట్టి రెమ్మ కూడా విరుగుతుంది. గోరు తగిలిందా, బుట్టలో జారవిడిచాడా, అక్కడ చర్మం కింద గోధుమరంగు మచ్చ నెల తరవాత బయటపడుతుంది.

అక్కడినుంచి కాయ సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉండే గదికి చేరుతుంది. మామూలు గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే, ఆ గదిలో దాన్ని రెండు మూడు శాతానికి దింపుతారు. కాయ చచ్చిపోదు, ఊపిరి మందగిస్తుంది. మరీ తగ్గిస్తే లోపల సారా వాసన పుడుతుంది, ఎక్కువుంటే మాగిపోతుంది. ఆ సన్నని గీత మీద నెలల తరబడి గదిని నడపడం కూడా పనితనమే, దానికెవరూ దండ వేయరు గాని. సరిగ్గా నడిపితే ఏడాది దగ్గర పడ్డా కాయ కరకరలాడుతుంది. కాయ మీద అంటించే చిన్న బిళ్ల మీది నాలుగంకెల సంఖ్య ఈ ప్రయాణంలో దాని ఇంటిపేరు. 4173 అంటే చిన్న సైజు రాయల్ గాలా, 4174 పెద్దది. పెద్ద ఫ్యూజీకి 4131 ఉంటుంది. బిళ్ల మీద అంకె లేకుండా బంగారు రంగు బొమ్మ మాత్రమే ఉంటే అది అలంకారం, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇక కొండ ఎక్కుదాం. విశాఖ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అటు నర్సీపట్నం మీదుగా ఘాటీ ఎక్కితే లంబసింగి, చింతపల్లి వస్తాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత ఒంటి అంకెకు పడిపోతుంది. తెల్లవారుజామున మంచు చూడ్డానికి కార్లు బారులు తీరతాయి. ఆంధ్రా కాశ్మీర్ అన్న పేరు దాంతోనే వచ్చింది. ఆ పేరు పర్యాటకానికి మేలు చేసిందేమో గాని, యాపిల్‌కు మాత్రం లేనిపోని పోటీ తెచ్చిపెట్టింది. సిమ్లా 31వ అక్షాంశం దగ్గర, 2,200 మీటర్ల ఎత్తున ఉంది. అరకు 18వ అక్షాంశం మీద ఉంది. రెండుచోట్లా చలి వేస్తుంది నిజమే, కానీ చెట్టు లెక్కపెట్టే చలి వేరు.

యాపిల్ చెట్టు మొగ్గలు చలికాలంలో నిద్రపోతాయి. ఆ నిద్ర తీరాలంటే 7 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల చలి కొన్ని వందల గంటలు తగలాలి. డెలీషియస్ వంటి పాత రకాలకు 800 నుంచి వెయ్యి గంటల పైమాటే కావాలి. మన కొండల్లో రాత్రి చలి ఎంత ముదిరినా పది గంటలకల్లా ఎండ కాస్తుంది, కూడిన చలిలో కొంత కరిగిపోతుంది. అలాంటిచోట సిమ్లా మొక్క నాటితే అది ఎండదు, కాయదు. వసంతంలో కొసన రెండు ఆకులు వేసి, నడుమంతా బోడిగా నిలబడుతుంది.

అందుకని అరకు, చింతపల్లి వైపు వెళ్లింది వేరే యాపిల్. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2014 తరవాతి ఏళ్లలో ఈ మన్యంలో యాపిల్ సాగును పరీక్షించారు. వాళ్లు ముందుకు తెచ్చిన రకాలు అన్నా, డార్సెట్ గోల్డెన్. అన్నాను ఇజ్రాయెల్‌లోని ఐన్ షెమర్ కిబుట్జ్‌లో అబ్బా స్టీన్ అనే ఆయన తయారుచేశాడు. దానికి రెండు మూడు వందల గంటల చలి చాలు. డార్సెట్ గోల్డెన్ ఏకంగా బహమాస్ దీవుల పిల్ల. నస్సావులో ఐరీన్ డార్సెట్ అనే ఆవిడ పెరట్లో మొలిచిన చెట్టు, మంచు పడని చోట పుట్టింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన చుట్టరికం ఒకటుంది. అన్నా తల్లిదండ్రులు రెడ్ హదాసియా, గోల్డెన్ డెలీషియస్. యాప్‌లో దొరికే గాలాకు కూడా ఒక పక్క గోల్డెన్ డెలీషియసే. అంటే విశాఖలో సంచిలో దిగే కాయా, చింతపల్లి చెట్టున వేలాడే కాయా ఒక తండ్రికి ఇద్దరు తల్లుల బిడ్డల వరస. డార్సెట్ గోల్డెన్ కూడా ఆ గోల్డెన్ డెలీషియస్ గింజ నుంచే వచ్చిందంటారు. ఆ మూలపురుషుడు అమెరికాలో వెస్ట్ వర్జీనియా కొండల్లో, క్లే కౌంటీలో, ఎవరూ నాటకుండా మొలిచిన చెట్టు. స్టార్క్ బ్రదర్స్ అనే నర్సరీవాళ్లు 1914లో ఆ ఒక్క చెట్టునూ దాని చుట్టూ కాస్త నేలనూ 5,000 డాలర్లకు కొని, కొమ్మలు ఎవరూ దొంగిలించకుండా చుట్టూ ఇనుప పంజరం కట్టించారు. హిమాచల్‌లో కోట్‌గఢ్‌కు డెలీషియస్ యాపిల్‌ను తెచ్చి అక్కడి బతుకునే మార్చిన శామ్యూల్ స్టోక్స్ మొక్కలు తెప్పించుకున్నదీ ఆ నర్సరీ దగ్గరే.

తెలుగు నేల మీద యాపిల్ కథలో ఇంకో పేరు హెచ్ఆర్ఎంఎన్ 99. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా పనియాలాలో, యాపిల్ పండే ఎత్తుకు బాగా కింద, హరిమన్ శర్మ అనే రైతు గింజ మొక్కల్లోంచి ఏరి నిలబెట్టిన రకమిది. ఆయనకు 2025లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు సీసీఎంబీ తోడ్పాటుతో ఈ రకం తోట పెట్టి, 2020 జూన్‌లో తొలి కాపు పండ్లను అప్పటి ముఖ్యమంత్రి చేతికిచ్చారు. వేసవిలో 45 డిగ్రీలు దాటే జిల్లా అది. మధ్యలో మార్కెట్లను ముంచెత్తిన ఆపిల్ బేర్‌ను మాత్రం ఈ లెక్కలో వేయకండి. అది పేరుకే యాపిల్, నిజానికి రేగు.

వెచ్చని కొండ మీద యాపిల్ పెంచడంలో చేతికి పని ఎక్కువ. అన్నా తన పుప్పొడితో తాను సరిగా కాయదు, పక్కన డార్సెట్ గోల్డెన్ కావాలి. రెండూ ఒకే వారంలో పూసేలా వరసల మధ్య కలిపి నాటాలి. కొమ్మ నిటారుగా పోతే ఆకే వేస్తుంది, అడ్డంగా వంచితే పువ్వు పెడుతుంది. అందుకని లేతగా ఉన్నప్పుడే తాడు కట్టి, రాయి వేలాడదీసి, నేలకు సమంగా వంచుతారు. ఎక్కువ వంచితే విరుగుతుంది, తక్కువైతే మళ్లీ లేస్తుంది. గుత్తికి అయిదారు పిందెలు పడితే ఒకటో రెండో ఉంచి మిగతావి గిల్లేయాలి. మొదటిసారి యాపిల్ పెంచే ఎవరికైనా చేతులు రానిది ఇక్కడే. కళ్లెదుట పిందెల్ని నేలపాలు చేయడానికి మనసు ఒప్పదు. గిల్లకపోతే చివరికి మిగిలేది రేగుపండంత కాయలు, మరుసటి ఏడాదికి అలిసిపోయిన చెట్టు.

చలి చాలని చోట చెట్టు చేత మొగ్గ విప్పించే పని కూడా మనిషే నెత్తినేసుకోవచ్చు. ఇండోనేసియాలో తూర్పు జావా కొండల మీద బాటు అనే ఊరుంది. భూమధ్యరేఖకు అవతల ఎనిమిదో అక్షాంశం దగ్గర ఉన్న ఆ ఊరికి చలికాలమంటూ లేదు. అక్కడి రైతులు కాపు కోశాక చెట్టు ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. కొమ్మలు వంచి కడతారు. ఆకు రాలిందనుకుని చెట్టు మళ్లీ మొగ్గ విప్పుతుంది. అలా ఏడాదికి రెండు కాపులు తీస్తారు. వాళ్ల తోటల్లోనూ అన్నా ఉంది. అరకు యాపిల్ గురించి మాట్లాడేవాళ్లు సిమ్లా వైపు చూడడం మాని బాటు వైపు చూస్తే మేలని నా గట్టి అభిప్రాయం. ఎత్తూ, వెచ్చదనమూ, చిన్న కమతాలూ, చేతిపనీ మనకు అక్కడే సరిపోలతాయి.

చేతిపని విషయంలో మన్యం ఎవరికీ తీసిపోదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు వ్యాలీ అరబికా కాఫీకి ఇవాళ ఉన్న పేరు వెనుక ఉన్నది ప్రధానంగా కోత నేర్పు. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య, ఒకే కొమ్మ మీద పచ్చవీ దోరవీ ఎర్రవీ కలిసి ఉన్న గుత్తిలోంచి ఎర్రని పండును మాత్రమే గిల్లి, మిగతావాటిని కదపకుండా, మళ్లీ పది రోజులకు అదే కొమ్మ దగ్గరికి వచ్చే విద్య అది. బగత, కొండదొర, కొంధు, పోర్జ, గదబ ఊళ్లలో ఆడవాళ్ల వేళ్లు అందులో ఆరితేరి ఉన్నాయి. యాపిల్ కోత అడిగేది సరిగ్గా ఇదే చూపును. ఏ కాయ దోరకు వచ్చిందో కింది రంగును బట్టి కనిపెట్టడం, తొడిమ ఊడకుండా తీయడం, చెట్టును రెండు మూడు విడతల్లో కోయడం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. లంబసింగిలో స్ట్రాబెర్రీ వేసినవాళ్లూ ఇలాంటి సున్నితపు కోతకు అలవాటుపడ్డారు.

మరి కాయ ఎలా ఉంటుంది? అన్నా పొడుగ్గా, అడుగున సన్నగా, పసుపుపచ్చ మీద ఒక బుగ్గ ఎర్రబడి ఉంటుంది. ఎర్రగా నిగనిగలాడే యాపిల్‌కు అలవాటుపడ్డ కళ్లకు ఇది ఇంకా పండలేదనిపిస్తుంది. దోరగా కోసిన రోజు కొరికితే పటుక్కున తెగి, తీపిలో సన్నని పులుపు తగులుతుంది. నా నాలుకకు ఆ పులుపు గాలా ఒట్టి తీపికంటే ఒక మెట్టు పైనే. అయితే దాని గుణం అక్కడితో సరి. మే చివర, జూన్ మొదట్లో పండే కాయ ఇది, బయట ఎండ మండుతుంటుంది. గది వేడిలో కొద్ది రోజుల్లోనే జిగురు కరిగి మెత్తబడుతుంది. చల్లగా పెడితే కొన్ని వారాలు ఆగుతుంది గాని, గాలాలా నెలల తరబడి నిలిచే సత్తా దానికి లేదు. తొందరగా పండే రకం తొందరగా మాగుతుంది కూడా. అది లోపం కాదు, ఆ పనివాడు ఎంచుకున్న బేరం. చలి లేని చోట కాయాలి అన్నది ఒక బిడ్డకు అప్పగించిన పని. సముద్రం దాటినా కరకర పోకూడదన్నది ఇంకో బిడ్డకు పడ్డ పని. ఇద్దరూ అప్పగించింది చేస్తున్నారు.

కాబట్టి అరకు యాపిల్‌ను యాప్‌లో గాలా పక్కన పెట్టి అమ్మాలని కలలు కనడం ఆ కాయకు అన్యాయం. పెట్టెలో పెట్టి, ఘాటీ దింపి, గోదాములో రెండు రోజులుంచి, స్కూటర్ మీద తెచ్చే దారి దానిది కాదు. మన కొండల్లో యాపిల్ ఇంకా లారీలు నింపే పంట కాలేదు. అయినా అయ్యేది ఆ దారిలో కాదని నా నమ్మకం. సంతలోనూ, కాఫీ అమ్మే చోటా, తోట గట్టు మీదా, ఆ ఉదయం కోసినది ఆ రోజే అమ్మితే దానికి సాటి వచ్చే కాయను ఏ యాప్ తెచ్చివ్వలేదు.

ఇక ఫోన్‌లో కొనేవాళ్లకు నాలుగు మాటలు. న్యూజిలాండ్ గాలా అక్కడి కోత ముగిశాక వేసవిలో మన దగ్గర తాజాగా ఉంటుంది. కాశ్మీర్ కొత్త తోటల గాలా వానాకాలం నడిమికి వస్తుంది. ఆ రోజుల్లో ఆ దేశం, ఆ ప్రాంతం పేరు చూసి ఎంచుకోండి. ఫ్యూజీ నిలవకు గట్టిది, చలికాలం దాటాక కొనాల్సివస్తే దానివైపే మొగ్గండి. సంచి రాగానే కాయల్ని ఫ్రిజ్‌లో పెట్టండి, బయట పళ్లెంలో అందంగా పేర్చారంటే అక్కడ అన్ని నెలలు కాపాడిన కరకర వారంలో పోతుంది. ఆకుకూరల పక్కన మాత్రం పెట్టకండి, యాపిల్ వదిలే ఎథిలీన్‌కు అవి పసుపెక్కుతాయి.

ఒక విన్నపం కూడా ఉంది. యాప్‌లలో యాపిల్ పక్కన రకం పేరు రాస్తున్నారు, దేశం పేరు రాస్తున్నారు, కోసిన నెల మాత్రం రాయడం లేదు. కరకర ఉంటుందో లేదో ముందుగా చెప్పగలిగేది అదొక్కటే. ఈసారి కాయ మెత్తగా వచ్చినప్పుడు డబ్బు వెనక్కి ఇమ్మని అడిగి ఊరుకోకండి, కోత నెల కూడా రాయమని అడగండి.